పక్కన నడవడం

చెప్పాల్సిన మాట చెప్పేసి ఆయన నిద్రపోయాడు. అదీ ఎక్కడ, పొద్దున్నే, రోడ్డు పక్కన, ఇంకా షట్టరెత్తని మంచాల కొట్టు మెట్ల మీద, ఆమె భుజాన తల వాల్చి. నలుగురూ చూస్తుండగా పెళ్ళాం చెయ్యయినా పట్టుకుని ఎరగని మనిషి, ఇప్పుడు నోరు కాస్త తెరుచుకుని, ఉన్ని టోపీ కనుబొమల మీదికి జారిపోయి, బస్సులో పక్క సీటువాళ్ళ మీద పడి నిద్రపోయే ప్రయాణికుడిలా ఒళ్ళు తెలియకుండా పడి ఉన్నాడు. "రేపట్నుంచి నన్ను నడిపించకు," అన్నాడు అంతకు ముందు. విసుక్కోలేదు, గొంతు పెంచలేదు. కూరలో ఉప్పు సరిపోయిందని చెప్పినంత మామూలుగా అన్నాడు. జవాబివ్వడం చేతకాక ఆమె ఫోను తీసి తమ్ముడికి చేసింది. తమ్ముడు బడి వ్యాను నడుపుతాడు. "పిల్లలు బండిలోనే ఉన్నారక్కా. దింపేసి నేరుగా అక్కడికే వస్తా. గంట పట్టచ్చు. బావని కదపకు, అక్కడే కూర్చోండి," అన్నాడు వాడు, వెనకాల పిల్లల గోలలో సగం మాటలు మునిగిపోతుండగా. అంటే గంట. ఈ గంటసేపూ ఆమె కదలకూడదు. కదిలితే ఆయనకి మెలకువొస్తుంది. మెలకువొస్తే జవాబు కోసం ఆమె మొహంకేసి చూస్తాడు.

మనిషంతా కరిగిపోయినా తల బరువు మాత్రం తగ్గలేదు, అనుకుందామె. చేతులు సన్నబడ్డాయి, నడుం మీద ప్యాంటు నిలవక బెల్టుకి కొత్తగా బెజ్జాలు పొడవాల్సి వచ్చింది, బుగ్గలు లోపలికి పోయి పళ్ళు పెద్దవైనట్టు కనిపిస్తున్నాయి. తల మాత్రం ఎప్పటి తలే. దాని కింద ఆమె చెయ్యి తిమ్మిరెక్కడం మొదలయింది. ఫరవాలేదు, తిమ్మిరి ఆమెకి కొత్త కాదు. కూర్చోవడమే పనిగా బతికిన ఒళ్ళు అది. పుస్తకాలు బైండు చేసే కార్ఖానాలో, కిటికీ పక్క బల్ల దగ్గర, అచ్చయి వచ్చిన కాగితాలు మడతపెట్టడం, మడత మీద చెక్కబద్దతో రుద్దడం, కట్టలు పేర్చి సూదీ దారంతో కుట్టడం, వీపుకి జిగురు పూసి బరువు కింద పెట్టడం. పొద్దున కూర్చుంటే సాయంత్రం లేచేటప్పుడు కాళ్ళు ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుండేవి. ఆయనదేమో నడిచే ఒళ్ళు. కరెంటు మీటర్లు చదివే ఉద్యోగం. ఇంటింటికీ తిరిగి, మెట్ల కిందా తలుపుల వెనకా పెరటి గోడల మీదా ఉన్న మీటర్ల దుమ్ము తుడిచి, అంకెలు చూసుకుని, మళ్ళీ పక్కింటికి. ఈ వీధులన్నిటికీ ఆయన మీటరాయన. ఆయన నడుస్తుంటే పక్కవాడు పరుగెత్తాల్సిందే. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ సినిమాకి బయల్దేరారు. గుమ్మం దిగేటప్పుడు పక్కనే ఉన్నాడు. వీధి మలుపు తిరిగేసరికి ఎక్కడో ముందు, జనం మధ్య ఒక తెల్ల చొక్కా. ఆమె హాలు చేరేసరికి టిక్కెట్లు పట్టుకుని, చెమటయినా పట్టకుండా నిలబడి, "ఇంతసేపా," అన్నాడు. ఆ రోజు నుంచీ అంతే. ఆసుపత్రికైనా, పేరంటానికైనా, పిల్లని బళ్ళో వెయ్యడానికైనా ఆయన ముందూ ఆమె వెనకానూ. ఆయన మొహంకంటే వీపే ఆమెకి బాగా తెలుసు. మెడ మీద ఎప్పటిదో సెగ్గడ్డ మచ్చ. కుడి భుజం ఎడమదానికంటే కాస్త కిందికి, కోపమొస్తే ఇంకాస్త కిందికి. వెనకనించి చూసే మనసులో ఏముందో చెప్పగలిగేది. "కాస్త ఆగండి," అని మొదట్లో కేకేసేది. ఆగేవాడు, పాపం. ఆగి వెనక్కి తిరిగి చూసేవాడు. ఆమె దగ్గరికి రాగానే మళ్ళీ కదిలేవాడు, మళ్ళీ అంతే దూరం. కొన్నాళ్ళకి కేకెయ్యడం మానేసింది.

అలాంటి మనిషి ఒకనాడు డాక్టరు ఎదుట కూర్చుని, పేగులో పుట్టింది కాలేయం దాకా పాకిందని వింటూ తలుపు వైపు చూశాడు. లేచి వెళ్ళిపోతాడేమో అనుకుందామె. వెళ్ళలేదు. కోశారు, కుట్టారు, మందు ఎక్కించడం మొదలుపెట్టారు. సన్న గొట్టంలోంచి చుక్క చుక్కగా దిగే మందు. అది ఎక్కించిన వారం మనిషి మంచానికి అంటుకుపోయేవాడు, నీళ్ళు తాగినా నోరంతా ఇనుము రుచి అనేవాడు. ఆ రోజుల్లోనే ఆసుపత్రి కింది అంతస్తులో వ్యాయామం చేయించే గదికి పంపించారు. పొడుగాటి గది, గోడ వారగా కుర్చీలు, ఒక మూల రంగు బంతులు, కిటికీ చువ్వకి వేలాడే రబ్బరు పట్టీలు. కూర్చున్నవాళ్ళంతా ఈ జబ్బు వాళ్ళే. అక్కడి ఫిజియో అమ్మాయి, వీళ్ళ కూతురికంటే చిన్నదే, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవమంది, కూర్చోమంది, మళ్ళీ లేవమంది. గోడ పట్టుకుని మునివేళ్ళ మీద నిలబడమంది. పట్టీ పాదానికి తగిలించి లాగమంది. "రోజూ నడవండి. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అంత వేగం చాలు," అంది. "నేనెప్పుడు పాడాను గనక," అన్నాడాయన, గదిలో అందరూ నవ్వారు. వచ్చేసేటప్పుడు ఆమె కావాలని వెనకబడి, ఆ అమ్మాయిని గుమ్మంలో ఆపి, "నడిస్తే తగ్గుతుందా అమ్మా?" అని అడిగింది. "నీరసం తగ్గుతుందండీ. మందులు తట్టుకునే ఓపిక వస్తుంది. కాస్త నిద్ర పడుతుంది," అంది ఆ పిల్ల, మెల్లగా, ఒక్కో మాటా చూసి చూసి పెడుతూ. ఎంత జాగ్రత్తగా చెప్పింది. అందులో ఒక్క అబద్ధం లేదు, ఒక్క అతి లేదు. కానీ ఆమె ఇంటికి తెచ్చుకున్నది ఆ మాట మొత్తం కాదు. నీరసం అన్నది ఆసుపత్రి మెట్ల మీదే ఎక్కడో రాలిపోయింది. తగ్గుతుంది అన్నది ఒక్కటే మిగిలింది. పొయ్యి దగ్గర నిలబడితే తగ్గుతుంది, కాగితాలు మడతపెడుతుంటే తగ్గుతుంది, దిండు మీద తల పెట్టుకుంటే తగ్గుతుంది. ఆ ఒక్క మాటకి ఇన్ని నెలలు చాకిరీ చేసింది.

ఎదురుగా రోడ్డు మెల్లగా నిద్రలేస్తోంది. పాల బండి వెళ్ళింది, వెనకే పేపర్లవాడు. లాండ్రీ ఆవిడ తన కొట్టు ముందు నీళ్ళు చల్లుతూ ఇటు చూసి, ఏమైందని చేత్తో అడిగింది. ఏమీ లేదని ఈమె తలూపింది. ఏమీ లేదు, ఆయన నిద్రపోతున్నాడు, అంతే. చొక్కా లోపల పక్కటెముకలు ఆమె మోచేతికి తగులుతున్నాయి, ఊపిరి పీల్చినప్పుడల్లా దగ్గరికొచ్చి, వదిలినప్పుడల్లా దూరం జరుగుతూ. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఖాళీ వచ్చిందంటే ఆమె తన ఊపిరి కూడా ఆపి ఎదురుచూస్తోంది.

మొదటి రోజు నడకకి బయల్దేరినప్పుడు పాత అలవాటు కొద్దీ ఆయన విసవిసా ముందుకి వెళ్ళిపోయాడు. వెళ్ళనీ, అనుకుంది ఆమె కూడా పాత అలవాటు కొద్దీ. కాస్త దూరం పోయాక చూస్తే కరెంటు స్తంభం పట్టుకుని నిలబడి ఉన్నాడు. దగ్గరికి వెళ్ళాక కూడా కదల్లేదు. "పద," అన్నాడు కాసేపటికి, కానీ తను కదలకుండా ఆమె కదిలేదాకా ఆగాడు. అప్పుడు ఇద్దరూ కలిసి నడిచారు. ఆయన చెప్పుల చప్పుడూ ఆమె చెప్పుల చప్పుడూ ఒకదాని పక్కన ఒకటి. అంత చిన్న సంగతి. ఎవరికైనా చెబితే నవ్విపోతారు. మొగుడి పక్కన నడవడం ఇన్నేళ్ళకి కుదిరింది, అదీ ఆయన కాళ్ళలో సత్తువ పోవడం వల్ల కుదిరింది. పక్కనుంటే మనిషి మాట్లాడతాడని కూడా అప్పుడే తెలిసింది ఆమెకి. వీపు మాట్లాడదు కదా. నీలం గేటు ఇంట్లో మీటరు వంటింటి అటక మీద పెట్టారనీ, చదవడానికి బల్ల ఎక్కాల్సొచ్చేదనీ చెప్పాడు. మేడ ఇంటావిడ ఈయన గొంతు వినగానే ఇంట్లో ఫ్యాన్లన్నీ ఆపేసేదట, అప్పుడాపితే అంకె తగ్గుతుందన్నట్టు. మూల ఇంట్లో ముసలాయన ఒక్కడే ఉండేవాడట. వెళ్ళిన ప్రతిసారీ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టి, మీటరు ఎంత తిరిగిందో కాదు, ఊళ్ళో ఎవరెలా ఉన్నారో అడిగేవాడట. "నేనేం చెప్తాను, నాకు తెలిసింది కరెంటేగా," అన్నాడు. ఆమె నవ్వింది. ఆయన కూడా నవ్వి, ఆయాసపడి, గోడ పట్టుకున్నాడు. ఇన్నేళ్ళుగా పొద్దున వెళ్ళి సాయంత్రం వచ్చే మనిషి మధ్యలో ఎక్కడెక్కడ ఉన్నాడో, ఎవరిళ్ళలో ఏ గ్లాసుతో నీళ్ళు తాగాడో, ఏ కుక్క కరిచిందో, అన్నీ ఆ నడకల్లో తెలిశాయి. రోజూ ఒక వీధి. రోజూ కొంచెం మొగుడు.

చేతులు బారలు చాపి ఊపుకుంటూ టోపీ మాస్టారు వచ్చాడు. రోజూ ఈ వేళకి తెల్ల బూట్లు తొడుక్కుని, ఎర్ర టోపీ పెట్టుకుని, ఊరు చుట్టూ తిరిగే రిటైరయిన లెక్కల మాస్టారు. ఎదురైన వాళ్ళందరికీ ఆరోగ్యం పంచుతుంటాడు. మెట్ల ముందు నిలబడ్డాడు కానీ కాళ్ళు ఆగలేదు, ఉన్నచోటే అడుగులేస్తూ, "ఏమ్మా, కూర్చుండిపోయారు? మధ్యలో ఆగకూడదు. ఒళ్ళు చల్లబడుతుంది," అన్నాడు.

"నిద్రపోతున్నారండీ," అంది ఆమె గుసగుసగా.

"ఓహో. మంచిదే, మంచిదే. లేచాక ఇంకో రౌండు వెయ్యమనండి. నడిచినవాడికి ఏ రోగమూ నిలవదు."

మాస్టారు వెళ్ళిపోయాక కూడా ఆ తెల్ల బూట్ల చప్పుడు కాసేపు వినిపించింది. కోపం రాలేదు. తనూ ఇన్నాళ్ళూ ఇదే మాట అనుకుంది కదా, ఎర్ర టోపీ ఒక్కటే తక్కువ. లారీ డ్రైవరు గుర్తొచ్చాడు. వ్యాయామం గదిలో ఈయన పక్క కుర్చీలో కూర్చునేవాడు, భారీ మనిషి, గొంతులో గొట్టం పెట్టిన మచ్చ. కుర్చీలోంచి లేచిన ప్రతిసారీ "గేరు మార్చా," అని బొంగురుగా అనేవాడు. ఈయన్ని గురువుగారూ అని పిలిచేవాడు, ఎందుకో మరి. అమ్మాయి చాలన్నా వినకుండా ఇంకొన్నిసార్లు లేచి కూర్చునేవాడు. అక్కడున్న వాళ్ళందర్లోకీ ఒళ్ళొంచినవాడు అతనే. ఒక వారం రాలేదు. మరుసటి వారం కూడా రాలేదు. ఆ మరుసటి వారం ఫిజియో అమ్మాయి ఆ కుర్చీ తీసి గోడ మూలకి జరిపి, మిగతా కుర్చీలు కాస్త కాస్త జరిపి ఖాళీ కనబడకుండా సర్దింది. ఈయన చూశాడు. ఆమె చూసింది. ఇంటికొచ్చే దారిలో ఇద్దరూ అతని ఊసెత్తలేదు. వేరే ఆసుపత్రికి మారి ఉంటాడని ఆమె తనలో తను సర్దిచెప్పుకుంది. అంతలా వ్యాయామం చేసిన మనిషికి ఏమవుతుంది అని కూడా అనుకుంది. ఇప్పుడీ మెట్ల మీద, చెయ్యి మొద్దుబారి, ఆ మాట ఇంకోలా వినిపిస్తోంది. అంతలా చేసిన మనిషికే అయింది.

దారి చిన్నదవుతూ వచ్చింది. మొదట్లో నీళ్ళ ట్యాంకు దాకా వెళ్ళి వచ్చేవాళ్ళు. మూడోసారి మందు ఎక్కించాక బడి గోడ దాకా. తర్వాత లాండ్రీ. ఈ నెలలో ఈ మంచాల కొట్టు. కూతురు ఫోను చేసి "నాన్న నడుస్తున్నాడా?" అని అడిగితే "ట్యాంకు దాకా వెళ్ళొచ్చామే," అని చెప్పేది. పక్క గదిలో ఆయన వింటున్నాడని తెలుసు, అయినా చెప్పేది. వినాలనే చెప్పేదేమో. నిజానికి ఆ ఫిజియో అమ్మాయి ఇంకా చాలా చెప్పింది. బాగాలేని రోజు సగమే నడవమంది. మరీ బాగాలేకపోతే మంచం అంచున కూర్చుని పాదాలు ఆడిస్తే చాలంది. జ్వరమున్నా, కళ్ళు తిరిగినా అసలు వద్దంది. అవన్నీ ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది ఆమె. రోజూ అన్న మాట ఒక్కటి పట్టుకుంది. పడుకుంటానంటే "పడుకుంటే ఇంకా పడుకోవాలనిపిస్తుంది, లేవండి," అంది. కాళ్ళు పీకుతున్నాయంటే "నడిస్తే అవే సర్దుకుంటాయి," అంది. ఒక పూట, అది తలుచుకుంటే ఇప్పుడు కూడా ఒళ్ళు కుంచించుకుపోతుంది, బద్ధకం అంది. ఇల్లిల్లూ తిరిగి చెప్పులరగదీసిన మనిషిని పట్టుకుని బద్ధకమంది. ఆయన బూట్లలో కాళ్ళు దూర్చాడు. వంగలేకపోతుంటే లేసులు ఆమే కట్టింది, గట్టిగా, కాగితాల కట్ట బిగించినట్టు.

ఈ పొద్దున ఆయన మొహం బూడిద రంగులో ఉంది. గుమ్మం కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె చూసింది, చూడనట్టు తాళం కోసం వెతికింది. "ఈ పూట..." అన్నాడు. అప్పటికే ఆమె చెప్పులు వేసుకుని ఉంది. ఆయన ఆ చెప్పులకేసి చూశాడు. కొత్తవి, మెత్తటి అట్టవి, ఈ నడకల కోసమే కొనుక్కుంది. చూసి, ఇంక మాట పూర్తిచెయ్యకుండా బయటికి అడుగేశాడు. ఇక్కడిదాకా రాగానే మోకాళ్ళు మడుచుకుపోయాయి. పడలేదు, ఆమె పట్టుకుంది, మెల్లగా మెట్టు మీదికి దింపింది. ఊపిరి కుదురుకున్నాక అన్నాడు రేపట్నుంచి నడిపించకని. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. "డాక్టరు చెప్పాడని కాదు నేనొచ్చింది," అన్నాడు కళ్ళు మూసుకుని. "నువ్వు తలదువ్వుకుని, మంచి బట్టలు కట్టుకుని గుమ్మంలో నిలబడేదానివి. వద్దంటే నీ మొహం ఎట్లా అయిపోతుందోనని వచ్చేవాణ్ణి. ఇంక నా వల్ల కావడం లేదే." అని, ఆమె భుజం మీదికి ఒరిగాడు.

చూశాడన్నమాట. ఆమె ఎవరికీ కనబడదనుకున్నది ఆయన చూశాడు. నిజమే, తలదువ్వుకునేది. గడియారం మోగకముందే మెలకువొచ్చేది. పెట్టె అడుగున ఎప్పుడో దాచిన బట్టలు పైకి తీసింది. కార్ఖానాలో తోటి ఆడవాళ్ళు "ఏంటి, మొహం వెలిగిపోతోంది, ఆయనకి నయమవుతోందా?" అని అడిగితే "ఆఁ, నడుస్తున్నారు," అని తల వంచుకుని సూదిలో దారం ఎక్కించుకునేది. ఆ దారం ఎక్కించుకుంటూ కూడా తెలుసు. మొహం వెలిగేది ఆయనకి నయమవుతోందని కాదు. ఆయన తన పక్కన నడుస్తున్నాడని. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలి? ఒకపక్క మొగుడు గుప్పెడు గుప్పెడుగా తరిగిపోతుంటే రోజూ ఒక అరగంట తను సంతోషంగా ఉందని ఏ నోటితో చెప్పాలి? దేవుడితో చెప్పుకోవడానికి కూడా సిగ్గు. ఆ అరగంట కోసమే ఈ మనిషిని లేపి, లేసులు బిగించి, జ్వరమో నొప్పో చూడకుండా ఈడ్చుకొచ్చింది. ఆయన కోసమే నడిపిస్తున్నాననుకుంది ఆమె. ఆమె కోసం ఆయన నడుస్తున్నాడు. ఇద్దరూ ఒకరికోసం ఒకరు ఈ వీధిలో కాళ్ళీడ్చారు, లోపలున్నది మాత్రం ఎవరి కోసమూ ఆగకుండా దాని పని అది చేసుకుపోయింది.

షట్టరు పక్కన తలుపు చప్పుడైంది. కొట్టాయన వచ్చాడు, తాళాల గుత్తి చేతిలో. మెట్ల మీద వీళ్ళని చూసి ముందు మొహం చిట్లించాడు, తర్వాత ఆయన వైపు వంగి చూశాడు. "మన మీటరాయన కదూ?" అన్నాడు, గొంతు దానంతటదే తగ్గిపోయి. ఆమె తలూపింది. "పోల్చుకోలేదమ్మా. నడిస్తే గాలి వచ్చి పోయినట్టుండేది. కుర్రాళ్ళం మేం వెనకపడేవాళ్ళం." ఇంకేమనాలో తెలియక, "లోపల మంచం మీద పడుకోబెడదామా? కొత్తదే, ఇంకా కవరు కూడా విప్పలేదు," అన్నాడు. మంచి మనిషి. "వద్దండీ. మంచమొద్దు. మా తమ్ముడొచ్చేస్తాడు," అంది ఆమె, అవసరానికి మించి తొందరగా. సరేనని కొట్టాయన షట్టరు సగమే ఎత్తి, చప్పుడు కాకుండా లోపలికి దూరాడు. ఆ సందులోంచి మంచాలు కనిపిస్తున్నాయి, ప్లాస్టిక్కు కవర్లలో, వరసగా, ఇంకా ఎవరూ పడుకోనివి. ఆమె చూపు తిప్పుకుంది.

తను కూడా నడక వద్దంటే ఏమవుతుంది? సరే, రేపట్నుంచి నడక లేదు. పొద్దున్నే లేస్తుంది. లేచి? ఆయన గోడవైపు తిరిగి పడుకుని ఉంటాడు. ఫ్యాను తిరుగుతుంటుంది. గంటకోసారి మంచినీళ్ళు కావాలా అని అడుగుతుంది. వద్దంటాడు. మిగతావన్నీ ఎవరెవరి చేతుల్లోనో ఉన్నాయి. సూది నర్సు చేతిలో, ఫోటోలు తీసే యంత్రం ఇంకెవరి చేతిలోనో, మందు పనిచేసేదీ చెయ్యనిదీ ఎవరి చేతిలోనూ కాదు. ఈ నడక ఒక్కటే తన చేతిలో ఉంది. అది వదిలేస్తే ఇంక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడమే. కూర్చోవడం తనకి బాగా వచ్చు. కానీ ఈ కూర్చోవడం వేరు. ఆయన పోయేదాకా కూర్చోవడం. ఆ మాట మనసులోనైనా ఇంత విడిగా ఎప్పుడూ అనుకోలేదు. అనుకున్నాక ఆకాశమేం విరిగిపడలేదు. లాండ్రీ ఆవిడ ఇస్త్రీ పెట్టెలో నిప్పులు ఊదుతోంది. ఒక కుక్క వచ్చి ఆయన బూటు వాసన చూసి వెళ్ళిపోయింది. ఆ బూట్లు ఇప్పుడు ఆయనకి పెద్దవి, చీలమండలేమో ఉబ్బి లేసుల పైన మేజోళ్ళ మీదికి పొంగాయి. ఆ ముడులు తనవే. వంగి వదులు చేద్దామంటే ఆయన తల. వంగలేదు. కళ్ళెదురుగా ఆ ముడులు, చెయ్యి అందదు.

అప్పుడు నిర్ణయించుకుంది. చాలు. ఇన్నాళ్ళూ ఆయన ఓపికంతా తోడుకుని తను వెలిగింది. ఇంక ఆయన్ని పడుకోనివ్వాలి. లేవగానే ఆ మాట తనే ముందు అనేస్తుంది, ఆయన మళ్ళీ అడగాల్సిన అవసరం లేకుండా. ఎలా అనాలో లోపల్లోపల నాలుగైదు రకాలుగా అనుకుని చూసింది. గొంతు వణక్కూడదు. నిష్ఠూరంగా ఉండకూడదు. హాయిగా అనాలి, పిల్లలకి రేపు బడి లేదని చెప్పినట్టు. ఆ మాట వినగానే ఆయన భుజాలు ఎలా దిగుతాయో, పెద్ద బరువు దించినట్టు ఎలా ఊపిరి వదులుతాడో కళ్ళకి కట్టింది. ఇంతకాలానికి తను ఆయనకి ఇవ్వగలిగింది అదొక్కటే. ఇవ్వబోతున్నానన్న తృప్తి కూడా కాస్త కలిగింది, దుఃఖంలోనే.

ఆయనకి మెలకువొచ్చింది. టోపీ పైకి తోసుకుని, ఎక్కడున్నాడో తెలియనట్టు రోడ్డుకేసీ ఆమెకేసీ చూశాడు. మూతి తుడుచుకున్నాడు. తల లేచిన చోట ఆమె భుజానికి చల్లగా గాలి తగిలింది.

"రేపట్నుంచి వద్దులెండి," అంది ఆమె. అనుకున్నట్టే, హాయిగా. "ఇంట్లోనే ఉందాం. మీరు పడుకోండి."

ఆయన ఊపిరి వదల్లేదు. భుజాలు దిగలేదు. అలాగే చూస్తూ ఉండిపోయాడు. కాదంటుందనుకున్నాడు, అని అప్పుడు అర్థమైంది ఆమెకి. ఎప్పట్లాగే గదమాయిస్తుందని, బతిమాలుతుందని, ఇంకో నాలుగు రోజులు చూద్దాం లేవండి అంటుందని అనుకుని అన్న మాట అది. తను వద్దన్నా ఎవరో ఒకరు లాగుతూ ఉంటారన్న ధైర్యంతో అన్న మాట. ఇప్పుడు లాగే చెయ్యి వదిలేసింది. ఆయన మొహంలో మొదట ఆశ్చర్యం, ఆ తర్వాత చాలా మెల్లగా ఇంకేదో.

"డాక్టరేమన్నా చెప్పాడా నీకు?" అన్నాడు.

"లేదే. ఏం చెప్తాడు? ఏం చెప్పలేదు."

"మొన్న నన్ను బయట కూర్చోబెట్టి నువ్వొక్కదానివే లోపలికెళ్ళావు."

"మందుల చీటీ కోసమండీ. నిజంగా. చీటీ రాయించుకుని వచ్చేశాను."

అది నిజం. అంతకు మించి ఒక్క మాట లేదు. డాక్టరు తలెత్తి చూడను కూడా లేదు, రాసిచ్చి పంపేశాడు. కానీ ఆమె చెబుతుంటే, ఆ చెప్పడంలోనే, దాస్తున్నట్టు వినిపిస్తోంది ఆమెకే. నిజంగా అన్న మాట ఎందుకు అంది? అనకుండా ఉండాల్సింది. ఇంకోసారి చెప్పబోయింది. చెబితే ఇంకా పాడవుతుందని ఆగింది. ఆగడం మరీ పాడుచేసింది.

"సరేలే," అన్నాడాయన. ఆమె చెయ్యి, ఆ మొద్దుబారిన చెయ్యి, తీసుకుని మెల్లగా తట్టాడు. తడుతున్నాడని కంటికి కనిపిస్తోందే తప్ప చేతికి తెలియడం లేదు.

"అది కాదు. రేపు చూద్దాం. వీధి మలుపు దాకా నాలుగడుగులు వేద్దాం, ఏం?" అంది ఆమె.

"వద్దులే. నువ్వన్నదే మంచిది."

పసుపు రంగు వ్యాను హారను కొట్టుకుంటూ వచ్చి ఆగింది. తమ్ముడు దూకి, "బావా, నా మెడ చుట్టూ చెయ్యి వెయ్యి," అంటూ ఒక చంక కింద తన భుజం దూర్చాడు. కొట్టాయన లోపల్నించి పరుగెత్తుకొచ్చి రెండో పక్క పట్టుకున్నాడు. ఆయన బరువే లేనట్టు లేచాడు. పిల్లల సీట్లు చిన్నవి, ఇరుకు. మోకాళ్ళు గడ్డం దాకా వచ్చేలా కూర్చున్నాడు. ఆమె పక్కన కూర్చుంది. కాళ్ళ దగ్గర ఎవరో పిల్ల మరిచిపోయిన నీళ్ళ సీసా దొర్లుతోంది. తమ్ముడు అద్దంలోంచి చూస్తూ ఏదో అంటున్నాడు, ఇంజను చప్పుడులో సగమే వినపడుతోంది. వ్యాను కదిలింది. నీలం గేటు, మేడ ఇల్లు, ఇద్దరూ ఇంతసేపు పట్టి నడిచి వచ్చిందంతా కిటికీలోంచి గబగబా వెనక్కి పోయింది.

ఆయన ఆమె వైపు ఒరిగి, తమ్ముడికి వినపడకుండా, చెవి దగ్గర అన్నాడు.

"మన అమ్మాయికి ఇప్పుడే చెప్పకు."

చెప్పడానికి తన దగ్గరేమీ లేదని అనబోయింది. ఆయన కళ్ళలోకి చూసింది. అక్కడ భయం లేదు. ఆమెని ఓదారుస్తున్నాడు.

"చెప్పను," అంది.